ఇద్దరికీ ఒకే ఫ్యూజు

టప్పుమని ఫ్యూజు పోయింది.

"మళ్లీ మీరేనా?" అంటూ పక్క వాటా తలుపు తెరుచుకుంది. చేతుల నిండా మట్టితో ఆమె గడపలో నిలబడింది. నా తల నిండా చెక్కపొట్టు.

"నేను కాదండి, మనం. మీ ఓవెనూ నా లేతూ ఒకేసారి వేస్తే ఆ ముసలి తీగ ఏం తట్టుకుంటుంది?"

"అయితే మీరు ఆపండి."

"మీరే ఆపొచ్చుగా."

రెండు వాటాలకీ కలిపి ఒకటే కరెంటు లైను. కళ్లజోళ్ల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి అద్దాలు అరగదీసి, ఒళ్లు హూనమై ఇంటికొస్తాను. చిన్న లేతు మిషను మీద చెక్క బొంగరాలు చేసుకోవడం నా సరదా. ఆమె ఫిజియోథెరపిస్టు. పగలంతా ఊళ్లోవాళ్ల కాళ్లూ చేతులూ ఎత్తి దించి, సాయంత్రం మట్టిపూసలు చేసి ఓవెన్‌లో కాలుస్తుంది. ఇద్దరికీ మిగిలేది ఆ కాస్త సాయంత్రమే. దాన్నీ ఫ్యూజు మింగేస్తే ఏడుపొస్తుంది.

మా గొడవ విని కింద నుంచి ఇల్లుగలావిడ వచ్చింది. "ఒకరోజు నువ్వు, ఒకరోజు ఆ అమ్మాయి. కుదరకపోతే ఒకళ్లు ఖాళీ చెయ్యండి," అని తీర్పు చెప్పి, మోకాళ్లు పట్టుకుని దిగిపోయింది.

వంతులు కుదిరాయి. నా వంతు రోజున పని అయ్యాక తలుపు తట్టి "అయిందండీ" అనేవాణ్ణి. "బతికించారు" అనేది ఆమె. ఆ ఒక్క మాట కోసం బొంగరాలు సగంలో వదిలేస్తున్నానని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

ఒక సాయంత్రం ఆమె మెట్ల మీద కనిపించింది. గోడకి తల ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. మిగతా మెట్లెక్కడానికి ఓపిక కూడగట్టుకుంటున్నా."

మనసు చివుక్కుమంది. ఆ రోజు నా వంతే అయినా లేతు ముట్టుకోలేదు. తీగ మీద భారమెందుకని లైటు కూడా తీసేసి కూర్చున్నాను. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. లేతు చప్పుడు లేకపోతే తనే ఓవెన్ వేసుకుంటుందిలే అని తలుపూ తట్టలేదు. ఓవెన్‌కి చప్పుడుండదు కదా, అవతల పూసలు కాలుతున్నాయనే అనుకున్నాను.

చివరికి ఇల్లుగలావిడే పైకొచ్చింది. "మీటరు నత్తనడక నడుస్తోంది. ఇద్దరూ ఊళ్లో లేరేమో అనుకున్నా. ఆ పిల్లేమో ఖాళీ చేస్తానంది. నువ్వేమన్నా అన్నావా?"

కాళ్లీడ్చుకుంటూ వెళ్లి పక్క తలుపు తట్టాను.

"ఇల్లు మారుతున్నారట?"

"మీ లేతు మూగబోయింది కదా. నాతో విసిగిపోయి మానేశారనుకున్నా. మీరు మొదలుపెడతారేమోనని నేనూ ఓవెన్ వెయ్యలేదు. లైటు తీసేసి, గోడకి చెవి ఆనించి కూర్చున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేనూ ఇవతల చీకట్లోనే కూర్చున్నానండి. కరెంటు మీకుంటుందని."

ఆమె తలుపుకి చేరగిలబడి, ఓపిక లేకపోయినా నవ్వింది.

"వెళ్లకండి," అన్నాను. "లేతు తీసేస్తాను. అది లేకపోయినా బతుకుతాను. గోడ అవతల మీరు లేకపోతే మాత్రం అసలు ఇంటికి రావాలనిపించదు."

"ఇన్నాళ్లూ ఈ మాట గోడకి చెప్పుకుంటున్నారా?"

"దానికి చెప్పడానికీ ధైర్యం చాల్లేదు."

"ఆలస్యం చేశారు. కొత్తింటివాళ్లకి మాటిచ్చేశాను."

నా మొహం వాడిపోయి ఉంటుంది.

"ఆ ఇంట్లో ఏ గదికి ఆ గదికి వేరే లైను," అంది మెల్లగా. "ఎంతమందమ్మా అని అడిగారు వాళ్లు. ఇద్దరం అని నోరు జారాను. అప్పట్నుంచీ మీ కంటపడాలంటే సిగ్గేస్తోంది. ఆదివారం మా అమ్మ ఇల్లు చూడ్డానికొస్తోంది. ఆ రెండో మనిషెవరని అడిగితే ఏం చెప్పమంటారు?"

"మీరేం చెప్పకండి. నేనే వచ్చి చెబుతాను."

"ముందు నాకు చెప్పండి. గోడని మధ్యలోకి తేకుండా."

చెప్పాను. చెప్పడానికి నాకూ, వినడానికి ఆమెకీ ఎక్కడి నుంచో ఓపిక వచ్చింది.