కవలలు పుట్టాక పరిచయం

"కవలలు పుట్టాక పేరడుగుతోందేంటండీ ఆ పిల్ల?"

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి మా స్టూడియోలో నవలలు చదివి రికార్డు చేస్తుంది. నేను మనసులో పెట్టుకున్న పేరు గొంతుగారు. ఆమె గొడుగు మీది వాన నీళ్లన్నీ నా కీబోర్డు మీదే కారుతున్నాయి.

"ఏ పిల్లండీ?" అన్నాను.

"నేను చదివిన నవల్లో పిల్ల! మనం అమ్మే ప్లేయర్లో వేసుకుని మా బామ్మ వింది. మొదట వానలో గొడుగు కోసం కొట్లాట. వెంటనే పెళ్లి. ఆ వెంటనే కవలలు. అప్పుడు తీరిగ్గా 'ఇంతకీ మీ పేరేమిటండీ' అంటుంది. చదివిన నాకే మతి పోయిందనుకుంది బామ్మ!"

నవ్వేశాను. అదే నా కొంప ముంచింది.

"నవ్వండి, నవ్వండి. మీరు కాలు ఊపుతారని మన స్టూడియో మేడమ్‌తో నేను చెప్పినందుకేగా ఈ కక్ష?"

చెప్పిన మాట నిజమే. మా గదుల మధ్య గోడ పల్చన. నేను కాలు ఊపితే బల్ల కిర్రుమంటుంది, ఆ కిర్రు వెళ్లి ఆమె మైకులో దూరుతుంది. ఏం చేయను? బుద్ధిగా కూర్చోమంటే నాకు ప్రాణం మీదికొస్తుంది.

"కక్షేంటండీ బాబూ! నాది చీటీలు అతికించే పని. ప్రతి ఆడియో ఫైలు లోపలా ఓ చీటీ ఉంటుంది. నవల పేరు, చదివినవారి పేరు, ఎన్నో భాగమో. చూడండి, నా సాఫ్ట్‌వేర్లో పన్నెండు భాగాలూ వరసగానే ఉన్నాయి."

"మీ దగ్గరుంటే సరా?" ఆమె బామ్మ ప్లేయర్ని బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "సాయంత్రం మేడమ్ ఇందులోనే వింటారు. తేడా వస్తే తర్వాతి నవల ఇంకొకరికి ఇచ్చేస్తారట. అది లేకపోతే ఇక నాకిక్కడ పనేముంది?"

గోడకి అవతల ఆ గొంతు లేకపోతే ఇవతల నేనేం చేయాలి? ఆ మాట అనే ధైర్యం లేక కీబోర్డు తుడిచాను.

చీటీల్లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలకి ముందు సున్నా చేర్చి ప్లేయర్లోకి మళ్లీ ఎక్కించాను. గొడుగు కొట్లాట అయింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"మళ్లీ పెళ్లేనండీ!" అందామె ఏడుపు గొంతుతో.

"ఆవిడకి తొందరెక్కువ."

"మీకు బుద్ధి తక్కువ."

లేచాను. కిటికీ తీశాను. జల్లు కొడితే మూశాను. కూర్చున్నాను, మళ్లీ లేచాను.

"అబ్బబ్బ, అలా కాలుకాలిన పిల్లిలా తిరగకండీ. ఇటొచ్చి ఈ బుల్లి తెర చూడండి. ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు. అప్పుడు రెండు. ఇదేం లెక్క?"

నెత్తి కొట్టుకున్నాను. ఈ ప్లేయరు లోపలి చీటీ చదవనే చదవదు, పైనున్న ఫైలు పేరే చూస్తుంది. పేరు ఒకటి అంకెతో మొదలైతే చాలు, అన్నిటినీ ఒకచోట కూర్చోబెడుతుంది. నేను చీటీలో సున్నా పెట్టాను గానీ పేరులో పెట్టలేదు.

ఇక ఆగలేదు. చీటీలోని అంకెను బట్టి ఫైలు పేరు దానంతటదే మారేలా సాఫ్ట్‌వేర్లో కొత్త బటన్ తయారు చేశాను.

"దానికేం పేరు పెడుతున్నారు?" అంది భుజం మీదుగా తొంగిచూస్తూ.

"బామ్మ."

పొద్దుట్నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. బటన్ నొక్కి ఫైళ్లన్నీ ప్లేయర్లోకి మళ్లీ ఎక్కించాను.

గొడుగు కొట్లాట ముగిసింది. ప్లేయర్లోంచి ఆమె గొంతే అడిగింది: "ఇంతకీ మీ పేరేమిటండీ?"

"హమ్మయ్య!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మేడమ్ ప్లేయరు పట్టుకెళ్లి విన్నంతసేపూ మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చివరికి తలుపు తెరుచుకుంది.

"బాగుందమ్మా. తర్వాతి నవలా నువ్వే చదువు," అని ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు మాత్రం కాలు ఊపకు."

మేడమ్ అటు వెళ్లగానే గొంతుగారు ఫోను బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి కబురు చెప్పింది. బామ్మ గొంతు గదంతా మోగింది.

"ఆ కాలూపే అబ్బాయే బాగు చేశాడా? రోజూ ఇంటికొచ్చి నువ్వు అతని మీద చాడీలు చెబుతుంటేనే అనుకున్నానే! నాకు నచ్చాడు, చేసుకో. మీ నాన్నకి నేను చెప్పుకుంటాలే."

"బామ్మా! ఆలూ లేదు, చూలూ లేదు..." గబుక్కున ఫోను కట్టేసింది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఇదేంటండీ," అన్నాను, "పదో భాగం ముందే వచ్చేసింది?"

"మీరు చేసిన బటనేగా. ఆ పేరు పెడితే ఇలాగే ఉంటుంది."

"అయితే మొదటి భాగం నేను చెప్పనా?" అన్నాను. "మీరు చదువుతుంటేనే నా కాలు ఊగుతుందండీ. మీరు రాని రోజు ఈ బల్ల ఒక్కసారీ కిర్రుమనలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె తలొంచుకుని గొడుగు మడవసాగింది. అయిపోయింది, చెడగొట్టుకున్నాను అనుకున్నాను.

అంతలో బల్ల కిర్రుమంది.

"ఊపకండీ, మేడమ్ వింటారు," అంది తలెత్తకుండా.

"నేను కాదండీ."

ఇద్దరం వంగి బల్ల కిందికి చూశాం. నా కాళ్లు రెండూ బుద్ధిగా నేల మీదే ఉన్నాయి. ఊగుతున్నది ఆమె కాలు.