పక్కటెముకలో పక్క

“పక్కలోంచా! పక్కలోంచి తీశాడా!” ఆరాధన నుంచి వచ్చిన పాస్టరుగారు కోటైనా విప్పకుండా, కొత్తగా అచ్చయిన పాఠాల పుస్తకాన్ని భోజనాల బల్లమీద విసిరికొట్టారు. మంచినీళ్లు తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే బిగుసుకుపోయింది. కోపం రాదూ మరి! ఆదాము పక్కటెముకలోంచి దేవుడు మొదటి స్త్రీని చేశాడన్న పాఠం ఆ ఉదయం ఆయన గంభీరంగా చదవబోతే, పుస్తకంలో ‘పక్కలోనుంచి తీసెను’ అని ఉంది! కళ్లజోడు సర్దుకునేలోపే నోరు చదివేసింది. “తెల్లారిందిగా, లేపి ఉంటాడు!” అన్నాడు వెనకనించి ఒక ముసలాయన. అంతే, సంఘం సంఘమంతా ఒకటే నవ్వు!

“పక్క మిగిల్చావు సరే... ఎముకేదోయ్?” అన్నారు భార్యమీద విరుచుకుపడుతూ.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్దెనిమిదేళ్లుగా ఆయన కోడిగీతల్ని అక్షరాలుగా మార్చి, ప్రూఫులు దిద్దిన చెయ్యి అది. అట్టమీద మాత్రం ఆయన పేరొక్కటే! పాపం, అత్తగారికి జాలేసింది. “అచ్చుతప్పని చెప్పెయ్యవే అమ్మాయ్, గొడవ వదిలిపోతుంది” అంది.

“తప్పు అచ్చుదీ కాదు, హల్లుదీ కాదత్తయ్యా... నేనే మార్చాను!”



“సాయంత్రం సంఘపెద్ద వస్తున్నారు” అన్నారు పాస్టరుగారు, ఒక్కో మాటా నమిలి. “సవరణ చీటీ అంటిద్దాం. ఇకమీదట నా పాఠాలు నువ్వు ముట్టుకోవద్దు.”

ముట్టుకోవద్దు! ఇన్నేళ్ల చదువుకీ, చాకిరీకీ ఒక్కమాటతో తాళం వేసేశారే! అంతసేపూ కళ్లలోనే ఆపుకున్నది కాస్తా చెంపలమీదికి జారింది. “వద్దంటే మానేస్తానండీ... కానీ విని అనండి. నాలుగేళ్లుగా మంగళవారం మంగళవారం లైబ్రరీలో ఆ యూదు మామ్మగారి దగ్గర హీబ్రూ నేర్చుకుంటున్నానా! మనం పక్కటెముక అంటున్న మాటే, ఎడారిలో ఆరాధనకి వేసుకున్న దేవుని గుడారం గురించి చెప్పేచోట కూడా ఉందట. గుడారానికి ఈ పక్క, ఆ పక్క అని! అక్కడ ఎవరైనా గుడారపు ఎముక అన్నారా? ఆడదాని దగ్గరికొచ్చేసరికే ఎముకైంది! మొదటి మనిషిని రెండు ముఖాలతో చేసి, నడిమికి విడదీసి ఇద్దర్ని చేశాడన్నారట యూదుల పాత గురువుల్లో కొందరు. అందరూ అంత మంచిగా అన్లేదులెండి! మన బోధకుల్లోనూ అంతే... వంకర ఎముక కనక వంకర బుద్ధి అని వంక పెట్టినవాళ్లున్నారు. ఏలమని తలలోంచీ తియ్యలేదు, తొక్కించుకోమని కాలిలోంచీ తియ్యలేదు, సాటిగా ఉండమని పక్కనుంచి తీశాడన్నవాళ్లూ ఉన్నారు. నేను ‘పక్కనుంచి’ అనే రాయాలనుకున్నాను... తొందరలో ‘పక్కలోనుంచి’ అయింది. ఆ ‘లో’ ఒక్కటే నా లోపం! మిమ్మల్ని అడక్కపోవడం తప్పే. కానీ పక్కనుంచి తీసింది పక్కన పెట్టడానికి మాత్రం కాదండీ!”

పాస్టరుగారు పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లిపోయారు. కాసేపటికి ఆయన తల్లి లోపలికెళ్లింది. ఆవిడా ఒక పాస్టరు భార్యే.

“ఒరేయ్, మీ నాన్న నలభయ్యేళ్లు ఆ వంకర ఎముక ప్రసంగమే చేశారు. ప్రతిసారీ జనమంతా నవ్వేవాళ్లు... నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ ఏడ్చేదాన్ని! ఈ పిల్ల చెప్పిన మాట నాకు అప్పుడే ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేదిరా...”

అమ్మ ఏడ్చేదన్న సంగతే పాస్టరుగారికి తెలీదు. ఆయన లేచి, భార్య రాసుకున్న నోటు పుస్తకాలు బీరువాలోంచి దించి ఒక్కొక్కటే తిరగెయ్యడం మొదలుపెట్టారు. పోయినేడాది అందరూ మెచ్చుకున్న తన ప్రసంగాలూ, ఈ పుస్తకంలోని పాఠాలు చాలావరకూ అక్కడే, తను చెప్పకముందే ఆమె రాసుకున్న గుండ్రటి అక్షరాల్లో కనిపించాయి!

సాయంత్రం సంఘపెద్దగారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, ఇంకా తప్పులకి ఎర్రగీత గీసే చూపే! “ప్రూఫులు ఎవరు చూశారు పాస్టరుగారూ?”

తలుపుచాటున ఆమె వింటోంది.

“ప్రూఫులు చూడ్డమే కాదు మాస్టారూ, పన్నెండు పాఠాల్లో తొమ్మిది ఆవిడ చదివి, వెతికి, రాసినవి. పేరు మాత్రం నాది. ఈ పుస్తకంలో అసలు తప్పు అట్టమీదుంది! సవరణ చీటీ వేయిద్దాం... ‘పక్కనుంచి’ అని సరిచేసి, కింద ఆవిడ పేరు. వచ్చే ఆదివారం ఆ పాఠం చెప్పేది కూడా ఆవిడే.”

“ఆడమనిషి... వేదికెక్కా?”

“నా పక్కన నిలబడి. అభ్యంతరమైతే మీరు నన్ను తీసెయ్యొచ్చు. ఆ పాఠాన్ని మాత్రం తియ్యను!”

హెడ్మాస్టరుగారు గడ్డం గోక్కున్నారు. “ఆ గుడారం సంగతి... నేనూ వినాలిలెండి” అని లేచారు.

ఆదివారం వచ్చింది. భర్త పక్కన, వేదికమీద, ఆమె నిలబడింది. అన్ని కళ్లూ తనమీదే! నోరు విప్పింది కానీ గొంతు దాటి మాట రాలేదు. ఒక్క క్షణం... రెండు క్షణాలు... జనంలో గుసగుసలు లేచాయి. పాస్టరుగారు పుస్తకం అందుకుని కాపాడబోయారు.

అంతలో అత్తగారు లేచి నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం ఖంగుమంది.

“గొంతు పెంచవే అమ్మాయ్! ఎవరి కోడలివనుకున్నావ్!”

కోడలు గొంతు పెంచింది.