చెవులపిల్లి ఎంచని పాట

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివర ఒక సౌండు గది ఉంది. దానికి మంచి పేరు లేదు. గోడల నిండా మెత్తటి స్పాంజి. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి కేక బయటికి పోదు. పొద్దుగూకాక అందులో ఒంటరిగా కూర్చుంటే వెనక ఎవరో నిలబడ్డట్టు ఉంటుందని చెప్పుకునేవారు. ఇదివరకు అక్కడ పనిచేసినాయన ఒక సాయంత్రం చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడట. వాటి కోసం మళ్ళీ రాలేదట.

అలాంటి గదిలో ఆ సాయంత్రం చెవులపిల్లి కూర్చోవాల్సి వచ్చింది.

ఎప్పుడు చూసినా చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లతో తిరుగుతుందని తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరది. వీడియో గేముల్లో వెనక వినిపించే సంగీతాన్ని ఎంచి పెట్టడం ఆమె ఉద్యోగం. వాళ్ళన్నయ్యకు అదొక ఉద్యోగమంటే నమ్మకమే లేదు. పాటలు వింటూ కూర్చునేవాళ్ళని ఎన్నాళ్ళు మేపుతారు, ఎప్పటికైనా తన ఇనప సామాన్ల కొట్లోకే రావాలి అనేవాడు. ఆమెకు మేకుల గలగల తలుచుకుంటేనే తలనొప్పి.

కొత్త గేములో పాడుబడ్డ మేడ ఒకటుంది. ఆడేవాడు దీపం పట్టుకుని గదులన్నీ వెతకాలి, గుండె దడదడలాడాలి. కానీ ఆమె ఇచ్చిన బాణీలు విని, గేము ఆడి చూసేవాళ్ళు ఆవలించారు. ఒకడైతే కునుకే తీశాడు.

డైరెక్టరు పిలిచి మెల్లగా చెప్పాడు. "రేపు పొద్దున మళ్ళీ ఆడిస్తాం. రేపు కూడా భయం పుట్టకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే, అందరూ ఇళ్ళకు పోయాక, ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈ పనిలో ఒక అలవాటుంది. బాణీ మార్చేటప్పుడు పాతది తీసేస్తే ఆ చోటు ఖాళీ అయి గేము ఆగిపోతుంది. అందుకని, కొత్తది దొరికేదాకా, ఏ చప్పుడూ లేని ఫైలు ఒకటి అక్కడ పెడతారు... బస్సు సీట్లో రుమాలు వేసినట్టు. ఆమె కూడా ముందు ఆ రుమాలు వేసి, ఆ తర్వాత బాణీలు వినడం మొదలుపెట్టింది.

మొదటిది అయిపోయింది. వెనక సన్నగా ఒక నిట్టూర్పు —

ఏసీ అనుకుంది.

రెండోది కూడా అయిపోయింది. మళ్ళీ నిట్టూర్పు... ఈసారి కాస్త పొడుగ్గా. వచ్చిన సంబంధాల్లో ఒక్కటీ నచ్చని పెద్దావిడ నిట్టూర్చినట్టుంది.

హెడ్‌ఫోన్లలో ఏదో తేడా ఉందని వాటిని తీసి మెడలో వేసుకుంది. మూడోది స్పీకర్లలో పెట్టింది. కుదురుగా కూర్చోలేకపోతోంది. గోళ్ళు కొరికింది, కుర్చీ ముందుకు లాక్కుంది, మళ్ళీ వెనక్కి జరిపింది. బాణీ ఇంకా సగంలోనే ఉంది...

"ఊహూఁ."

చెవి పక్కనే. మెడ మీద ఊపిరి చల్లగా తగిలింది.

వెనక్కి తిరిగి చూడలేదు. మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాక గుర్తొచ్చింది — మేడలో ఇంకా ఆ చప్పుడు లేని ఫైలే ఉంది. బాణీలన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి, దాన్ని మార్చాలంటే మళ్ళీ అక్కడికే పోవాలి. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. అనుకుందే గానీ, కంటిమీద కునుకు లేదు.

పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి ఆడించడం అయిపోయింది. కిందటిసారి కునుకు తీసినవాడు మంచినీళ్ళ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అయినా నీళ్ళు తొణుకుతూనే ఉన్నాయి.

డైరెక్టరు ఎదురొచ్చాడు. "ఎక్కడ పట్టావమ్మా ఆ గొంతుని?"

"ఏ గొంతు సార్?"

"అదే... మేడలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ కూనిరాగం తీస్తూ వెంటే వస్తుందే, ఆవిడ."

ఆమె తన బల్ల దగ్గరికి పోయి ఆ ఫైలు తెరిచింది. మొదట్నుంచి చివరిదాకా విన్నది. ఏమీ లేదు, ఖాళీ.

డైరెక్టరు వదల్లేదు. మిగతా లెవెల్స్ అన్నిటికీ ఆ గొంతే కావాలన్నాడు, తెచ్చిపెడితే ఈ పని ఎప్పటికీ నీదేనన్నాడు. నేనేమీ పెట్టలేదు సార్ అని చెబితే నమ్మేదెవరు? నమ్మితే మాత్రం, ఏమీ పెట్టనిదానికి జీతం ఇచ్చేదెవరు? తల ఊపేసింది. మధ్యాహ్నం అన్నయ్య ఫోను చేసి కొట్లో కుర్చీ ఖాళీగానే ఉందని గుర్తుచేశాడు. ఆ రోజంతా ఆమె వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది.

చీకటి పడింది. సౌండు గదిలోకి వెళ్ళింది. మైకు ఆన్ చేసి, తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది.

"నిన్న చెప్పకుండా పారిపోయాను... తప్పయిపోయింది, పెద్దమ్మా," అంది గుసగుసగా. "నాకు భయంగానే ఉంది. కానీ ఈ ఉద్యోగం కావాలి. మిగతావి కూడా మీరే పాడాలి."

ఏ చప్పుడూ లేదు.

అప్పుడు ఆమె వెనక ఎవరో కుర్చీ లాక్కుని కూర్చుని... గొంతు సవరించుకున్నారు.