మూగోడి మైక్

డిజైనర్‌ను ఆఫీసు గేటు ముందు కాల్చారు. మొదటి తూటా ఆమె పక్కన నడుస్తున్న సహోద్యోగి మెడలో దిగింది. అతను గేటు పట్టుకుని కూర్చుని, అలాగే పోయాడు. రెండోది ఆమె పొట్టలో దిగింది. కాల్చినవాడు హెల్మెట్ తియ్యలేదు, బండి దిగలేదు.

ఆమె వీడియో గేమ్ కంపెనీలో మ్యాప్‌లు గీస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడు మాట్లాడగలిగింది. మంచం పక్క కుర్చీలో పోలీసు ఇంటెలిజెన్స్ ఏజెంట్ కూర్చుని ఉంది. గది ఆస్పత్రి మూడో అంతస్తులో ఉంది. కిటికీలోంచి పాడుబడిన రాళ్ల క్వారీ, అందులో నిలిచిన నీళ్లు కనిపిస్తున్నాయి. డిజైనర్ మొహం మీద ఎండ పడుతుంటే ఏజెంట్ లేచి తెర సగం లాగింది.

"కొత్త మ్యాప్‌లో మా వీధి ఉందక్కా," అంది డిజైనర్. "గేమ్ ఇళ్లను కోటల్లా మార్చి చూపిస్తుంది. మా బాల్కనీలో దుప్పటి ఆరేసి ఆఫీసుకెళ్లాను. స్క్రీన్ మీద అక్కడ జెండా ఎగురుతోంది. సాయంత్రం అమ్మ దుప్పటి తీసింది. జెండా పోయింది."

"అంటే లైవ్ కెమెరా."

"గాల్లో ఎగిరే కెమెరా. మా బాస్‌కి చెప్పాను. తెల్లారేసరికి ఇదీ నా పని." కట్టు మీద చెయ్యి పెట్టింది. "ఇంకో సంగతి చెప్తే నవ్వుతావు. ఆ గేమ్‌లో హీరోయిన్‌కి భుజాలకీ మోకాళ్లకీ కవచం ఉంటుంది, పొట్టకి ఉండదు. పెట్టమని ప్రతి మీటింగులోనూ అడిగాను. అమ్మకాలు పడిపోతాయన్నారు. తగిలేది అక్కడే కదక్కా."

ఏజెంట్ నవ్వలేదు.

"నేను బతికున్నానని తెలిస్తే మళ్లీ వస్తారు కదా?"

"రానివ్వను," అంది ఏజెంట్.

ఆ మధ్యాహ్నం చీఫ్ గదిలో తలుపులు మూసి బ్రీఫింగ్ పెట్టారు.

"విదేశీ ముఠా. గేమ్ కంపెనీ వాళ్ల ముసుగు," అన్నాడు చీఫ్. "రేపు టోర్నమెంట్ ఫైనల్. పదిమంది టాప్ ప్లేయర్లు. వాళ్ల దృష్టిలో అది ఆట. వాళ్ల చేతికింద ఎగిరేవి నిజం డ్రోన్లు, నిండా పేలుడు పదార్థం. రేపు పట్టుబడినా ఆ కుర్రాళ్లకు తెలిసింది సున్నా. టార్గెట్ ఏదో మనకు తెలీదు. డ్రోన్లు ఎక్కడున్నాయో తెలీదు."

"రెయిడ్ చేస్తే?" అన్నాడు ఒక ఆఫీసరు.

"ఇంకోచోటి నుంచి ఎగరేస్తారు. లోపల మన మనిషి కూర్చోవాలి. డ్రోన్లు లేచాక, హెడ్‌సెట్‌లో మనం దాచిపెట్టే జామర్ నొక్కాలి. అన్నీ పడిపోతాయి. నంబర్ వన్ ర్యాంకు వాడొకడున్నాడు. మూగోడంటారు. ఐదేళ్లలో ఒక్కసారి మైక్ ఆన్ చెయ్యలేదు. మొహం ఎవడూ చూడలేదు. వాణ్ని పట్టుకుని, వాడి బదులు మనవాడొకణ్ని పంపుదాం."

"నేనే సార్," అంది ఏజెంట్.

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు ఇవి ఆడతావా అమ్మా?"

"డ్యూటీ నుంచి వచ్చాక నిద్ర పట్టదు సార్."

"మరి మైక్?"

"మొదట్లో ఆన్ చేసేదాన్ని. గొంతు వినగానే ఎదుటి టీమ్‌తో పాటు మా టీమ్ కూడా నన్నే కాల్చేది. ఓడిపోయినా సరే, ముందు నన్ను వెయ్యాలి. మైక్ ఆపేశాను. గెలవడం మొదలైంది."

చీఫ్ ఒక ఫొటో టేబుల్ మీద పెట్టాడు. గేమ్ హీరోయిన్ వేషంలో ఒక మోడల్. "ఆరు నెలలుగా మనకు సమాచారం ఇస్తోంది. గుర్తుగా, హెడ్‌సెట్ బిగుతుగా ఉందా అని అడుగుతుంది. నువ్వు ఎడమ గ్లోవ్ తియ్యి."

మర్నాడు ఏజెంట్ ఛాతీకి కట్టు బిగించి, పైన వదులు చొక్కా వేసి, తలకు హుడ్, మొహానికి మాస్కు, చేతులకు గ్లోవ్స్ తగిలించింది. హాలు గేటు దగ్గర ప్లేయర్ల షూ కూడా విప్పించి చూశారు. హెడ్‌సెట్‌ను ఊపి చూసి ఇచ్చేశారు. మోడల్‌ను ఎవరూ తనిఖీ చెయ్యలేదు. గార్డులు ఆమెతో సెల్ఫీలు దిగారు. భుజాలకు కవచం, మోకాళ్లకు కవచం, మధ్యలో పొట్ట, నడుముకు బాకు. బాకు ప్లాస్టిక్‌దనుకుంది ఏజెంట్.

వెయిటింగ్ రూమ్‌లో ప్లేయర్లు లేచి నిలబడ్డారు.

"అరే, మూగోడొచ్చాడ్రా."

"ఒక్క ముక్క మాట్లాడన్నా. రింగ్‌టోన్ పెట్టుకుంటా."

"మొన్న మా టీమ్‌లో ఒకత్తి దూరింది," అన్నాడు గడ్డం ఉన్నవాడు. "మైక్ ఆన్ చేసి హాయ్ అంది. గేమ్ వదిలేసి అందరం దాన్నే వేశాం."

"గెలిచారా?"

"ఓడిపోయాం. కానీ మజా వచ్చింది."

చివరి కుర్చీలో టోపీ, మాస్కు పెట్టుకున్నతను గొంతు మీద చెయ్యి వేసి నొప్పి అన్నట్టు సైగ చేశాడు. అతన్ని ఎవరూ పలకరించలేదు. ఏజెంట్ కూడా రెండోసారి చూడలేదు.

ఒక్కో ప్లేయర్‌కు ఒక్కో గది. శబ్దం బయటికి పోని గోడలు, ఒక కుర్చీ, స్క్రీన్, జాయ్‌స్టిక్. ఏజెంట్ కూర్చోగానే మోడల్ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది.

"హెడ్‌సెట్ బిగుతుగా ఉందా?"

ఏజెంట్ ఎడమ గ్లోవ్ తీసింది.

మోడల్ బాకు తీసి హెడ్‌సెట్ అంచు కోసింది. లోపలి జామర్‌ను పీకి బూటు కింద వేసి తొక్కింది. బాకు ఉక్కుది. రెండో చేతిలోని పిస్టల్ ఏజెంట్ మెడకు తగిలింది.

"ఆడు వదినా. మొదటి డ్రోన్ గోడకు కన్నం పెట్టాలి, మిగతావి అందులోంచి పోవాలి. అంత గురి నీకొక్కదానికే ఉంది. అందుకే నిన్ను రానిచ్చాం."

స్క్రీన్ వెలిగింది. పది డ్రోన్లు పది గద్దలై లేచాయి. ఏజెంట్‌ది ముందుంది. నది దాటాయి, వంతెన దాటాయి. ఎదురుగా కోట కనిపించింది. కోట వాకిట్లో రథాలు ఆగి ఉన్నాయి. ఒక రథం మీద ఎర్ర దీపం తిరుగుతోంది. మూడో అంతస్తులో ఒక కిటికీకి తెర సగమే లాగి ఉంది. ఆ తెర లాగింది తనే.

ఏజెంట్ తల వెనక్కి విసిరింది. మోడల్ ముక్కు విరిగింది. పిస్టల్ పేలింది. ఏజెంట్ ఎడమ చెవి సగం పోయి, స్క్రీన్ మూలలో కన్నం పడింది. కుర్చీతో సహా ఇద్దరూ నేల మీద పడ్డారు. మోడల్ బాకుతో పొడిచింది. అది ఏజెంట్ ఎడమ అరచేతిలోంచి అవతలికి వచ్చింది. ఏజెంట్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. పిడికిలి మూసి, బాకును మోడల్ పట్టులోంచి లాగేసుకుంది. కుడి చేత్తో దాన్ని అరచేతిలోంచి ఊడబీకి, కవచం లేని చోట దించింది. పిడి దాకా దిగింది. మోడల్ తన పొట్ట వైపు చూసుకుంది. తర్వాత ఏమీ చూడలేదు.

హెడ్‌సెట్‌లోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"మూగోడు ఆగిపోయాడ్రా."

"నెట్ పోయుంటుంది. కిటికీల మీదికే పోదాం పదండి."

ఏజెంట్ కుర్చీ లేపి కూర్చుంది. ఎడమ చెయ్యి పనిచెయ్యడం లేదు. మోచేత్తో మైక్ బటన్ నొక్కింది.

"ఆపండి. ఇది ఆట కాదు. అది ఆస్పత్రి."

హెడ్‌సెట్‌లో నవ్వులు లేచాయి.

"ఎవర్రా ఈ ఆంటీ?"

"వంటింట్లో గ్యాస్ కట్టేసొచ్చావా?"

"నేను పోలీసుని. అందులో రోగులున్నారు."

"నేను ప్రధానమంత్రిని. కూర్చో."

డ్రోన్లు ఆగలేదు. కానీ ఒకటి వరసలోంచి జరిగి ఆమె డ్రోన్ వైపు తిరిగింది. ఆ తిరగడం ఆమెకు పాతదే. మొదటి రోజుల్లో ప్రతి ఆటలోనూ చూసింది. ఏజెంట్ ఆస్పత్రి మాట ఎత్తడం మానేసింది.

"మూగోణ్ని నేనే," అంది. "ఐదేళ్లుగా మిమ్మల్ని ఉతుకుతున్నది నేనే. గడ్డపోడా, పోయిన నెల నిన్ను మూడుసార్లు వేశాను. నాలుగోసారి జాలేసి వదిలేశాను."

"ఏయ్."

"వెయ్యండ్రా దాన్ని."

కోటను వదిలేసి డ్రోన్లు తిరిగాయి. ఏజెంట్ తన డ్రోన్‌ను ఆస్పత్రి పక్కనుంచి క్వారీ వైపు దూకించింది. మైక్‌లో ఆమె మాటలు విన్న గార్డు వెనక తలుపును భుజంతో గుద్దుతున్నాడు. ఆమె జాయ్‌స్టిక్‌ను మోకాళ్ల మధ్య ఇరికించి, నేల మీది పిస్టల్ అందుకుని తలుపులోంచి రెండుసార్లు కాల్చింది. తలుపు అదరడం ఆగింది. మళ్లీ జాయ్‌స్టిక్ పట్టుకుంది. డ్రోన్ నీళ్లలో మునిగింది. ఎవడు ముందు కొట్టాలని పోటీపడి వెంటపడ్డవన్నీ ఒకదాని మీద ఒకటి పేలాయి. నీళ్లు క్వారీ అంచు దాటి లేచాయి.

స్క్రీన్ మీద ఇంకో చుక్క మిగిలింది. అది తిరగలేదు. సగం తెర ఉన్న కిటికీ వైపే పోతోంది. వెయిటింగ్ రూమ్‌లో చివరి కుర్చీలో కూర్చున్నవాడిదై ఉండాలి. అందరూ తిట్టినప్పుడు వాడొక్కడే నోరు విప్పలేదు. గొంతు నొప్పి అన్నాడు.

ఏజెంట్‌కు అప్పుడు తట్టింది.

"చెల్లీ," అంది. "నువ్వూ మైక్ ఆన్ చెయ్యవు కదా."

కిటికీ పెద్దదవుతోంది.

"ఎందుకు చెయ్యవో నాకు తెలుసు. ఆ తెర వెనక ఒకమ్మాయి మంచం మీద ఉంది. నిన్న నేను ఆమె పక్కన కూర్చున్నాను. పైకి లేపు."

మైక్ ఆన్ అయిన టిక్కు వినిపించింది. ఆడగొంతు.

"నిజమా అక్కా?"

"నిజం."

డ్రోన్ నిలువునా లేచింది. రెక్క తగిలి కిటికీ అద్దం పగిలింది. అది కప్పు మీదుగా దాటి క్వారీలో పడి పేలింది.

సాయంత్రానికి ముఠాలో బతికున్నవాళ్లందరూ స్టేషన్లో ఉన్నారు. ఏజెంట్ చేతికీ చెవికీ కట్లతో డిజైనర్ పక్కన కూర్చుంది. ఊడ్చిన గాజు ముక్కలు ఇంకా మూలన కుప్పగా ఉన్నాయి. చీఫ్ నిలబడే ఉన్నాడు.

"ఆ వేషం చూసి, ఈ పిల్ల ఏం చెయ్యగలదులే అనుకున్నానమ్మా," అన్నాడు.

"నేనూ బాకు ప్లాస్టిక్‌దనుకున్నా సార్. టోపీ పెట్టుకుంటే కుర్రాడనుకున్నా."

"పొట్టలోనే దిగిందా?" అడిగింది డిజైనర్.

"అక్కడే."

"ఈసారి మీటింగులో చెప్తాను."

చీఫ్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. "మిగతా ఎనిమిది మందికీ అంతా విడమరిచి చెప్పాం. ఎంతమంది చచ్చేవాళ్లో చెప్పాం. విన్నారు. తర్వాత అందరూ కలిసి ఇది రాసిచ్చారు."

"క్షమాపణా?"

"కాదు. మధ్యలో ఆడగొంతు వినిపించి ఏకాగ్రత చెడిందట. ఫైనల్ మళ్లీ పెట్టమంటున్నారు."