గడియ వేసుకునే గది

మునిలక్ష్మి ప్లాస్టిక్ సంచీని కౌంటర్ మీద బోర్లించింది. అందులోంచి లేత నీలం పెయింటు పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"ఏం అన్నా, ఇదేనా మీ షాపు పెయింటు? పూసి వారం కాలేదు. పాము కుబుసం ఇడ్సినట్ల ఇడ్సింది గోడ. ఏరే డబ్బా ఇయ్యి."

కువైట్‌లోని సబా అల్ సలేంలో జమియా సూపర్‌మార్కెట్‌ని ఆనుకుని ఉన్న హార్డ్‌వేర్ దుకాణం అది. కౌంటర్ వెనక నిలబడ్డ ఉదయ్‌కుమార్‌ది కోనసీమ. తిట్టినా "అండీ" అనకుండా తిట్టలేని మనిషి.

ఒక పెచ్చు తీసి, వెనక్కి తిప్పి చూశాడు.

"పెయింటు మంచిదేనండి. గోడ ఏమైనా తడిగా ఉందాండి?"

"ఉండదా మరి? నేనే కదా తడిపింది. బక్కెట నీళ్ళు పోసి బాగా నానబెట్టినా."

"నానబెట్టారా? ఎందుకండీ?"

"ఎందుకేంది? తడపకుండా ఎవురన్నా గోడకి సున్నం కొడతారా? ఎండు గోడకి సున్నం పడుతుందా? మా రాయచోటి పక్క పసిపిల్లోల్లని అడిగినా చెప్తారు."

ఉదయ్‌కుమార్ నవ్వాపుకోవడానికి శతవిధాలా ప్రయత్నించాడు. పెదాలు బిగించాడు. సీలింగ్ వైపు చూశాడు. లాభం లేకపోయింది. ఫక్కున నవ్వేశాడు.

మునిలక్ష్మి ముఖం జేవురించింది. నవ్విన నాపచేనే పండుతుందని వాళ్ళమ్మ చెప్పేది. ఈ మనిషికి పంట చూపించి తీరాలని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

"క్షమించండి," అన్నాడతను, ఆమె కళ్ళు చూసి గబగబా సర్దుకుంటూ. "సున్నానికైతే తడి ఉండాలండి, మీరన్నది నిజమే. ఈ పెయింటు అలా కాదు. లోపల తడి ఉంటే బయటికి తోసేస్తుందండి. ముందు పాతదంతా గీకెయ్యాలి, ఎండబెట్టాలి, గుంతలకి పుట్టీ పెట్టాలి. అది ఆరాక గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, అప్పుడండి రంగు."

"ఇంత కతుందా?"

"ఇల్లలకగానే పండగ కాదు కదండీ. పోనీ నేనొచ్చి చేసిపెట్టమంటారా? శుక్రవారం పొద్దున ఖాళీయే."

"నేను పనిచేసే ఇంట్లోకి బయట మగోల్లు రాకూడదు. వచ్చినా నేను రానియ్యను. నువ్వు చెప్పు, నేను చేచ్చా."

గీకుడు బ్లేడు, ఉప్పుకాగితం తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆమెకి అంత పట్టుదల ఎందుకంటే, కువైట్‌కి ఇంటిపనికి వచ్చిన దగ్గర్నుంచీ మునిలక్ష్మి పడుకునేది ఇస్త్రీ గదిలో. దానికి తలుపుంది, గడియ లేదు. తెల్లారకముందే ఆ ఇంటి పిల్లల్లో ఒకడు యూనిఫామ్ కోసం వస్తాడు, ఒకతి సాక్సుల కోసం వస్తుంది. ఊరికి ఫోన్ చేసి అమ్మతో కడుపులో మాట చెప్పుకుందామంటే సగంలో ఎవరో ఒకరు తలుపు తోస్తారు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, చెడ్డదేం కాదు. ఆ ఇంట్లో అందరికీ గదులున్నాయి, మునిలక్ష్మికి లేదన్న సంగతి ఆమెకి తోచలేదంతే.

డాబా మీద ఒక పాత స్టోర్ గది ఉంది. ఒకరోజు మునిలక్ష్మే ధైర్యం చేసి అడిగేసింది. మామా పైకెక్కి, ఊడిన తలుపూ, ఉబ్బిన గోడలూ, కారే కిటికీ చూసి ముక్కు చిట్లించింది.

"రంజాన్ ముందు కొత్త సోఫాలు వస్తున్నాయి. పాతవి ఇక్కడ పెడదామనుకున్నా. ఆ లోపల మనిషి ఉండేట్టు చేసుకోగలిగితే గది నీది. లేదంటే సోఫాలది."

అలా ఒకవైపు మునిలక్ష్మి, ఇంకోవైపు సోఫాలు పోటీకి దిగాయి.

దుకాణంలో పెచ్చుల గొడవ జరిగిన రోజు నుంచి ఖుబూస్ రొట్టెల కోసం జమియాకి వచ్చిన ప్రతిసారీ ఆమె హార్డ్‌వేర్ దుకాణంలోకి తొంగిచూసేది. ఒక ప్రశ్న అడిగేది, జవాబు విని పోయేది.

"తలుపు మడతబందు నిలబడదే. స్క్రూ తిప్పితే తిరుగుతానే ఉండాది."

"కన్నం లూజైపోయిందండి. నాలుగు అగ్గిపుల్లలకి జిగురు రాసి కన్నంలో దూర్చండి. ఆరాక స్క్రూ బిగించండి."

"అగ్గిపుల్లలా? నాతో ఆటలాడతాండావా?"

"మీతో ఆడే ధైర్యం నాకెక్కడిదండీ?"

మర్నాడు తలుపు నిలబడింది, దానికి గడియ కూడా పడింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు ఆమె నవ్వు ముఖమంతా పాకి, కళ్ళ దాకా వెళ్ళింది. ఉదయ్‌కుమార్ ఎదుట నిలబడ్డ ఈజిప్టు కస్టమర్‌కి సుత్తి బదులు బ్రష్షు ఇచ్చేశాడు.

"ఏమండీ, ఒకటి అడగొచ్చా?" అన్నాడు ఇంకోరోజు. "ఈ మధ్య నన్ను అన్నా అనటం మానేశారేంటండి?"

మునిలక్ష్మి చెవులు వేడెక్కాయి. "గుర్తు లేదు. కిటికీకి ఏం పెట్టల్లో చెప్పు."

"సిలికాన్ అండి. సందుకి రెండు వైపులా టేపు అంటించండి. గొట్టంతో గీతలా పెట్టి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి లాగండి. మధ్యలో ఆగకూడదు. ఆపితే అక్కడే కారుతుంది."

"ఒక్కసారి లాగల్ల. మధ్యలో ఆగకూడదు," అని ఆమె పాఠంలా అప్పజెప్పింది. బయటికొచ్చి జమియా మెట్లు దిగుతూ అనుకుంది, తనకి ఈ మనిషి నచ్చాడని. దాచుకోవడానికి ఇంకేం లేదు, నచ్చాడు.

అంతా బాగానే ఉందనుకునేసరికి శుక్రవారం వచ్చింది.

సెలవు రోజని, కువైట్‌లోనే ఎగైలాలో ఉండే సంజీవమ్మ పిన్నిని చూసి సాయంత్రం వచ్చింది మునిలక్ష్మి. డాబా ఎక్కేసరికి తన గదిలో స్టూలెక్కి, రోలర్ పట్టుకుని ఖాజా హుస్సేన్! ఆ ఇంటి డ్రైవరు, కడపాయన. ఒక గోడ అప్పటికే పూర్తయింది.

"ఎవురు చెప్పినారు నీకి?"

"హార్డ్‌వేర్ షాపు పిల్లోడు బతిమలాడినాడు తల్లీ. ఆయమ్మ ఒక్కతే అవస్థ పడతాంది, ఒక చెయ్యెయ్యి భాయ్ అన్నాడు."

మునిలక్ష్మి రోలర్ లాక్కుంది. అదే వేగంతో మెట్లు దిగి దుకాణానికి పోయింది. దుకాణంలో కస్టమర్లున్నారని కూడా చూడలేదు.

"కందకు లేని దురద కత్తిపీటకేంటికి? నేనడిగినానా నిన్ను?"

"మీరు అలిసిపోతున్నారని..."

"నేను అడిగింది ఎట్ల చెయ్యల్ల అని. చేసిపెట్టమని కాదు! నేను పండుకునే మంచం మామాది, కప్పుకునే దుప్పటి మామాది. ఆకరికి నా నిద్ర గూడా ఆ పిల్లోల్లదే. ఈ గది ఒక్కటన్నా నా చేత్తో లేవల్ల. ఇది నాదని చెప్పుకోవల్ల. అంతా తెలిసినోడివి, ఇది తెలీలేదా నీకి?"

ఉదయ్‌కుమార్ ముఖం పాలిపోయింది. "తప్పయిపోయిందండి," అన్నాడు.

మునిలక్ష్మి ఆ గోడని మళ్ళీ ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ తన చేత్తోనే పూసింది. పూస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. కోపం అతని మీదా, అతను కనపడకపోతే పొద్దుపోని తన మీదా, ఆమెకే తేలలేదు. ఖుబూస్‌కి ఖాజా హుస్సేన్‌ని పంపడం మొదలుపెట్టింది.

మిగిలింది కిటికీ ఒక్కటే. టేపు అంటించింది. గొట్టం నొక్కింది. వేలు సబ్బునీళ్ళలో ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి లాగింది. ఆగలేదు.

రంజాన్ నెలవంక రేపోమాపో అనగా వాన పట్టుకుంది. కువైట్ వాన పలకరించి పోయే రకం కాదు. వస్తే రోడ్లని కాలవలు చేసి గానీ పోదు. కొత్త సోఫాలు వచ్చిన రోజే వచ్చింది. పాత సోఫాలు మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నాయి.

మామా గొడుగు పట్టుకుని పైకొచ్చింది. తలుపు తెరిచి చూసింది, మూసి చూసింది. గోడని గోటితో గీకింది, ఊడలేదు. నేరుగా కిటికీ దగ్గరికెళ్ళి కింద అరచెయ్యి ఆనించింది. బయట నీళ్ళు అద్దం మీద ధారలు కడుతున్నాయి. మునిలక్ష్మి మామా చేతినే చూస్తోంది.

మామా చెయ్యి తిప్పి చూసుకుంది. పొడిగా ఉంది.

"నువ్వే చేశావా? అంతా?"

"అంతా నేనే మామా."

"ఖలాస్. గది నీది. సోఫాల్ని ఎవరికైనా ఇచ్చేస్తాను."

మునిలక్ష్మికి ముందు అమ్మ గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో మనిషి. ఖుబూస్ తెస్తానని చెప్పి, గొడుగు సంగతే మర్చిపోయి వానలో పరుగెత్తింది.

దుకాణం కౌంటర్ ఖాళీగా ఉంది. వెనక గదిలో చప్పుడైతే తొంగిచూసింది. ఉదయ్‌కుమార్ కుర్చీ ఎక్కి, కారుతున్న కిటికీకి గుడ్డ అడ్డం పెడుతున్నాడు. కింద బక్కెట నిండిపోతోంది. వెనక గోడ చూసి ఆమెకి మతిపోయింది. ఒకచోట పుట్టీ పెచ్చులు, ఒకచోట చారలు చారలుగా రంగు, ఒక మూల ఉబ్బిపోయిన నీలం మచ్చ.

"ఏందిది?"

అతను కుర్చీ మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు.

"నేను సామాన్లమ్ముతానంతేనండి. జీవితంలో బ్రష్షు పట్టలేదు. మీరు అడుగుతారని వీడియోలు చూసి, ముందు రోజే ఇక్కడ చేసి చూసుకునేవాణ్ణి. తెలీదని చెబితే మీరు ఇంకో షాపుకి పోతారేమోనని భయమేసిందండి." కిటికీ వైపు చూశాడు. "నాది కారిపోతుందండి. మీది?"

"చుక్క రాలేదు," అంది మునిలక్ష్మి. "గది నాదయింది."

అతను కుర్చీ దిగాడు. ఆనందంతో అతని కళ్ళు తడయ్యాయి. అది చూడగానే ఆమెలో మిగిలిన కాస్త కోపమూ కరిగిపోయింది.

"ఆ రోజు మీరన్నాక అర్థమైందండి నాకు. మీకు పని చేసిపెట్టే మనిషి అక్కర్లేదు. పక్కన ఉండే మనిషి కావాలనుకుంటే మాత్రం, నేనున్నానండి. మీరంటే నాకు చాలా ఇష్టం. ఊళ్ళో మీ అమ్మగారి నంబరిస్తే మా అమ్మ చేత మాట్లాడిస్తాను."

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. మునిలక్ష్మి తడిసిన చున్నీ అంచు పిండుకుంది. తొందరపడలేదు.

"నాకూ ఇష్టమే. నంబరిస్తా. అయితే ముందే చెప్తాండా. ఆ గది నాకు ఇయ్యాలే వచ్చింది. కొన్నాల్లు దాంట్లో నేను ఒక్కదాన్నే ఉండల్ల. పెండ్లి దాని తరువాతే. ఆగుతావా?"

"ఎన్నాళ్ళైనా ఆగుతానండి."

ఆ సాయంత్రం ఇంట్లో పని ముగించుకుని ఆమె డాబా ఎక్కింది. పరుపు పరుచుకుంటుండగా ఫోన్ మోగింది. అమ్మ.

"ఏమ్మే, ఎవురో కోనసీమ నుంచి ఒకామె ఫోన్ చేసింది. నన్ను పట్టుకొని వదినగారూ అంటాంది! ఏంది కత?"

మునిలక్ష్మికి అలవాటుగా గొంతు తగ్గబోయింది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. గోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది.

"చెప్తా మా," అంది గొంతు విప్పి. "మొదట్నుంచి చెప్తా. ఇంక ఎవురూ రారు."