మారిసెల్ తిరిగివ్వని గొడుగు

"కొండ మీద వేడినీళ్ళ మడుగు దగ్గరికి తీసుకెళ్తారా?" అంటూ ఒకమ్మాయి నా వ్యాను తలుపు లాగింది.

నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. మా డొమినికా దీవిలో పలకరించకుండా ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు.

"వినపడదా మీకు?"

"వినపడింది. గుడ్ మార్నింగ్ మాత్రం వినపడలేదు."

ఆమె నన్ను కొరకొరా చూసింది. "గుడ్ మార్నింగ్. తెల్లారకముందే నాలుగొందల దుప్పట్లు మడతపెట్టి ఓడ దిగాను. నాకున్నది మూడు గంటలు. అందులో రెండు నిమిషాలు మీరే తినేశారు."

అలా పరిచయమైంది మారిసెల్. ఫిలిప్పీన్స్ పిల్ల. విహార నౌకలో అట్టడుగున, బట్టలుతికే గదిలో పని.

ఆ చలికాలమంతా పది రోజులకోసారి ఆ ఓడ మా రాజధాని రోజో రేవుకొచ్చింది. వచ్చినప్పుడల్లా మడుగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నేను కాల్చి తెచ్చిన సీమపనస తినేది. ఒకరోజు వాన పడుతుంటే నా నీలం గొడుగు ఇచ్చాను.

"ఏదీ నా గొడుగు?" తర్వాతిసారి అడిగాను.

"మర్చిపోయాను ఆల్విన్."

మూడుసార్లు మర్చిపోయింది. గొడుగుల దొంగ అని పేరు పెట్టాను.

ఆమె వెళ్ళాక తొమ్మిది రోజులూ వ్యాను నిండా జనమున్నా నాకు ఖాళీగానే ఉండేది.

ఏప్రిల్లో ఆ ఓడ యూరప్ వెళ్ళిపోతుంది. మళ్ళీ నవంబరులోనే రావడం. ఆఖరి రోజున చెప్పేయాలనుకున్నాను, ఆమె లేకపోతే నాకేమీ తోచడం లేదని. అద్దంలో చూసుకుంటూ రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

పదైంది, పన్నెండైంది. ఆమె రాలేదు. సీమపనస చల్లారిపోయింది. మూడు బేరాలు పంపేశాను. 'బుద్ధి లేదురా నీకు, ఆ పిల్లకు రేవుకో డ్రైవరు ఉండడూ' అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒంటిగంటకు ఓడ చొక్కా వేసుకున్న మరో అమ్మాయి వచ్చి, వ్యాను ముందు నిలబడింది. "గుడ్ మార్నింగ్. ముందు ఇది చెప్పకపోతే మీరు మాట్లాడరట కదా."

"ఇప్పుడు మధ్యాహ్నం."

"నాకు నేర్పింది అదొక్కటే. నేను రోవెనాని, మారిసెల్ గదిలోనే ఉంటాను. ఈసారి దానికి కాపలా వంతు పడింది. రేవులో ఉన్నా నిప్పు అంటుకుంటే ఆర్పడానికి కొందరు ఓడలోనే ఉండాలి. వంతు మార్చుకోమని అందరినీ బతిమాలింది. ఆఖరి రేవు కదా, ఎవరూ ఒప్పుకోలేదు."

నేను వ్యాను దిగాను. "గొడుగు పంపిందా?"

"నేనే అడిగాను, ఇచ్చేస్తానని. ఇవ్వదట. కిటికీ కూడా లేని గదిలో గొడుగెందుకే అంటే నన్ను కొట్టబోయింది."

అద్దం ముందు చెప్పుకున్నదంతా ఎగిరిపోయింది. సీమపనస పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

"ఆ గొడుగు తనే తెచ్చివ్వాలని చెప్పండి. ఇంకెవరి చేత పంపినా తీసుకోను. నవంబరులో మొదటి ఓడ వచ్చేసరికి నేను ఇక్కడే ఉంటాను. ప్రతి ఓడకీ ఉంటాను."

రోవెనా నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "ఇది మా గదిలో చెప్తే నాకీరోజు నిద్రుండదు."

ఐదింటికి ఓడ కూత వేసింది. పై అంతస్తుల్లో జనం చేతులూపుతున్నారు. అందరికంటే కింద, తాళ్ళు లోపలికి లాగే తలుపు దగ్గర, మబ్బు తునక లేని ఎండలో నీలం గొడుగు విచ్చుకుంది.

"గుడ్ మార్నింగ్," అని గొంతు చించుకుని అరిచాను. పక్క వ్యాన్లవాళ్ళు పగలబడి నవ్వారు. గొడుగు రెండుసార్లు పైకీ కిందికీ ఊగింది. అది కనిపించినంతసేపూ అక్కడే నిలబడ్డాను.

ఇంటికెళ్ళే దారిలో వాన పట్టుకుంది.

"మళ్ళీ తడిసొచ్చావా? ఒక గొడుగు కొనుక్కోరాదూ," అంది అమ్మ.

"నవంబరు దాకా కొననమ్మా," అన్నాను.