వెర్నా ఆష్‌క్రాఫ్ట్ గొంతు

మా స్టూడియో క్యాంటీన్‌లో గురువారం గురువారం చికెన్ సూప్ ఉండేది. నీళ్ళలా ఉండేది కానీ వేడిగా ఉండేది. నేను ఒహాయోలో గ్రీకు నాటకాలు చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. పొట్టకూటికి హాలీవుడ్ చేరి పాటలు రికార్డు చేసే మనిషినయ్యాను. గ్రీకు నాకు ఎక్కడా పనికిరాలేదు. ఆ సంగతి అలా ఉంచండి.

తెర మీద హీరోయిన్ పెదవులు కదుపుతుంటే చాటున ఇంకో అమ్మాయి పాడేది. అలాంటి అమ్మాయిల్ని మేం దెయ్యాలనేవాళ్ళం. మన దెయ్యానికి కాఫీ ఇచ్చారా అని వాయిద్యాలవాళ్ళు అడిగితే ఆ అమ్మాయిలు కూడా నవ్వేవాళ్ళు. పాడే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: ఈ పాటలో గొంతు నాది కాదు, ఎన్నటికీ నాదని చెప్పుకోను.

1951లో లోయిస్ హడ్లిక్ ఆ సంతకం పెట్టింది. నెబ్రాస్కా రైతు కూతురు. ఇరవై రెండేళ్ళు.

"నాది కాకపోతే మరెవరిదండీ?" అంది.

వెర్నా ఆష్‌క్రాఫ్ట్‌ది అన్నాను.

"అబ్బో, అంత పెద్దావిడదా. అయితే పాడుచెయ్యకుండా పాడాలి" అని, కలం నాకు తిరిగిచ్చింది.

వెర్నా పదమూడో ఏట ఊరూరా తిరిగే గుడారపు నాటకాల్లో పాటలు మొదలుపెట్టింది. పద్దెనిమిదికి తెరకెక్కింది. పదహారు సినిమాలు. యుద్ధానికి వెళ్ళిన కుర్రాళ్ళు ఆమె ఫొటో జేబులో పెట్టుకుని వెళ్ళారు. తర్వాత గొంతులో ఏదో కాయ లేస్తే కోసి తీశారు. అప్పట్నుంచి పై స్థాయి పలకలేదు. వయసు నలభై ఒకటి. నెలాఖరుకి స్టూడియోతో ఒప్పందం ముగుస్తుంది. ఈ సినిమాలో పాట తనే పాడగలిగితే కొనసాగిస్తామని ఆమెకు చెప్పారు. లోయిస్ చేత అప్పటికే పాడించేశామని మాత్రం చెప్పలేదు.

పాడుకోనియ్యి, టేపు మాత్రం దండగ చెయ్యకు అని మా పై అధికారి నాతో అన్నాడు. అందుకని ఆ గురువారం మధ్యాహ్నం, రికార్డవుతోందని చెప్పే ఎర్రదీపం వెలిగించాను. యంత్రం ఆపే ఉంచాను.

బయట ఎండ మండిపోతోంది. ఆ హాలుకి కిటికీలు లేవు. గోడలకి మందపాటి దుప్పట్లు, వాటిలో ఇరవై ఏళ్ళ దుమ్ము, కాలిన వైర్ల వాసన, వెర్నా చప్పరించే యూకలిప్టస్ బిళ్ళల వాసన. నేను కూర్చునే గది అద్దానికి అవతల ఆమె నెత్తి మీద ఒకే ఒక్క బల్బు.

ఏడుసార్లు పాడింది. ఏడుసార్లూ గొంతు ఒక్కచోటే చీలింది. ప్రతిసారీ నేను అద్దంలోంచి తలూపాను.

తర్వాత అడిగింది. "ఏదీ, వినిపించు ఎల్వుడ్."

వినిపించడానికి నా దగ్గర ఏముంది? లోయిస్ రీలు ఎక్కించాను.

మొదటి చరణం మొదలైంది. వెర్నా చెయ్యి మెల్లగా మెడ మీదికి వెళ్ళింది. పెదవులు కదుపుతోంది. అది ఆమెకు అలవాటేలే అనుకున్నాను. కానీ లోయిస్ ఎక్కడ ఊపిరి తీసుకుందో ఈమె కూడా అక్కడే తీసుకుంటోంది... ఆ పాట లోయిస్ గొంతులో ఈమె ఎన్నడూ వినలేదు.

అప్పుడు, సరిగ్గా మూడున్నరకి, శబ్దాన్ని కొలిచే మీటరు ముల్లు పడిపోయింది.

రీలు తిరుగుతోంది. ముల్లు సున్నా దగ్గర ఉంది. స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశాను. అదరడం లేదు.

పాట ఆగలేదు...

అద్దానికి అవతల నుంచి వస్తోంది. ఆమె నోట్లోంచి. చీలే చోటు వచ్చింది. చీలలేదు.

పాట అయ్యాక అద్దం దగ్గరికి వచ్చింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది.

"ఇంకా ఉందన్నమాట" అంది గుసగుసగా. నెబ్రాస్కా పల్లె యాసలో అంది. "నాది కాదేమోనని భయపడ్డాను. నాదేనా, ఎల్వుడ్?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాను.

"మీదేనండి" అన్నాను.

సాయంత్రం లోయిస్ అద్దెకుండే ఇంటావిడ ఫోన్ చేసింది. పిల్ల బంగాళాదుంపలు చెక్కుతూ కూనిరాగం తీస్తోందట. ఉన్నట్టుండి రాగం ఆగిపోయిందట. నోరు తెరుస్తోంది, చప్పుడు లేదు. మూడున్నరప్పుడు అని చెప్పింది. డాక్టర్లు గొంతులో వెతికి ఏమీ లేదన్నారు. ఆ పిల్లని రైలెక్కించడానికి నేనే వెళ్ళాను. కిటికీలోంచి నాతో ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి, మా హీరోయిన్ల పెదవులు కదిలినట్టే. చాటున ఎవరూ పాడలేదు.

వెర్నా ఇంకో ఆరు సినిమాల్లో పాడింది. గొంతుకి మళ్ళీ పడుచుదనం వచ్చిందని పత్రికలు రాశాయి. 1960లో పోయింది. శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి. లోయిస్ బతికే ఉంది. కోళ్ళు పెంచుకుంటోంది. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాస్తుంది, మాట రాలేదనే రాస్తుంది.

నాకిప్పుడు డెబ్బై తొమ్మిది. నా భార్య వెళ్ళిపోయింది. మా ఇంటికి ఫోన్ చేసేవాళ్ళెవరూ లేరు. అయినా గురువారం మధ్యాహ్నాలు మోగుతుంది. ఎత్తితే ఇరవై రెండేళ్ళ అమ్మాయి గొంతు. ఏమాత్రం ముసలిదవలేదు.

"ఎల్వుడ్‌గారూ... నేను పాడటం అయిపోయిందండీ. ఇక ఇంటికి వెళ్ళొచ్చా?"

వెళ్ళమ్మా అంటాను. ప్రతిసారీ అంటాను.

అప్పుడు ఆ అమ్మాయి వెనక, చాలా దూరం నుంచి, చీలిన బొంగురు గొంతు ఒకటి మెల్లగా అంటుంది:

"ఇంకొక్కసారి."